మూడో గదిలో చుక్కలు, సున్నలు

కరోనా వచ్చిన ఏడాది సికింద్రాబాద్ కార్ఖానాలోని మా అపార్ట్‌మెంట్‌లో నాకు ఉన్నట్టుండి గౌరవం పెరిగింది. అంతకుముందు నేను వాళ్లకు ఎలుకల డాక్టర్ని. లిఫ్టులో నేనెక్కితే ముఖం కాస్త పక్కకు తిప్పుకునేవాళ్లు కూడా ఉండేవారు, ఎలుకల వాసన నాకూ అంటి ఉంటుందని. ఆ ఏడాది మాత్రం వాచ్‌మన్ దగ్గర్నుంచి అసోసియేషన్ ప్రెసిడెంట్ దాకా అందరూ మాస్కుల్లోంచే నన్ను ఆపి అడిగారు, "డాక్టరుగారూ, మీ ఎలుకలకు కూడా కరోనా ఉంటుందటగా" అని.

ఉంటుంది. మన కరోనా కంటే చాలా ముందు నుంచే ఉంది. అదే కుటుంబం, వేరే వైరస్. మనుషుల జోలికి రాదు. కానీ ఒక గది నిండా ఉన్న చిట్టెలుక పిల్లల్ని పది రోజుల్లో ఊడ్చేయగలదు. ఆ వైరస్ చేతిలో నేనొకసారి చిత్తుగా ఓడిపోయాను. ఓడిపోయింది నేనైతే, ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చింది యాదమ్మ అనే ఆమెకు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఆ సంగతే రాస్తున్నాను. నా ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో మా ఆవిడకే గుర్తులేదు, మీకెందుకు.

కాపలా ఉద్యోగం

నేను తెనాలి వాణ్ణి. పశువైద్యం చదివి, గేదెలకు సూదులు వేస్తాననుకుని, సికింద్రాబాద్‌లో ఒక పరిశోధన సంస్థ యానిమల్ హౌస్‌లో చేరాను. మందుల మీద, టీకాల మీద పనిచేసే శాస్త్రవేత్తలకు చిట్టెలుకల్ని పెంచి ఇవ్వడం మా పని. గదికి ఆరేడు ర్యాకులు, ర్యాకు నిండా పంజరాలు, పంజరంలో వరిపొట్టు పరుపు, ముందు ఒక కార్డు. తల్లి ఎవరు, ఎప్పుడు ఈనింది, ఎన్ని పిల్లలు, అన్నీ ఆ కార్డు మీద ఇంగ్లీషులో ఉండాలి.

మా బాస్ రంగారావు గారు పుట్టి పెరిగింది తిరుమలగిరి. మనిషి పొడుగు, మాట పొట్టి. మొదటి రోజే నా తెల్లకోటు చూసి, "మూర్తీ, నువ్వు డాక్టర్‌వని అనుకుంటున్నవేమో. కాదు. నువ్వు చౌకీదార్‌వి. లోపలికి ఏమొస్తున్నదో చూసుడు నీ పని" అన్నారు. నాకు లోపల మండింది. గోల్డ్ మెడల్ తెచ్చుకున్నవాణ్ణి పట్టుకుని కాపలావాడంటాడేమిటని ఆ సాయంత్రం మా ఆవిడ దగ్గర అరగంట సణిగాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నాకు దొరికిన అన్నిటికన్నా మంచి సలహా అదేనని అప్పుడు తెలియదు.

చేరిన కొత్తలో ఒక గదిలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. పసుపుపచ్చటి మలం తోకలకు అంటుకుని ఎండిపోయింది. నేను హడలిపోయి, గది మొత్తం ఖాళీ చేద్దామని కాగితం రాసుకెళ్లాను. రంగారావు గారు గదిలోకి వచ్చి, నాలుగైదు పిల్లల్ని వెల్లకిలా తిప్పి చూసి, "ఏంగాదు. ఆగు" అని వెళ్లిపోయారు. ఆగాను. పిల్లలు కొంచెం గిడసబారినా దాదాపు అన్నీ బతికాయి. అది రోటా వైరస్, మన పసిపిల్లలకు వచ్చేదానికి చుట్టం. ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఒకే ఒక్క మాట, "ఆగు". ఆయన పిల్లల్ని తిప్పి ఏం చూశారో మాత్రం అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుందని నామోషీ. కొత్తగా వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. ఆ నామోషీని గేటు దగ్గరే వదిలేసి లోపలికి రండి.

పిచ్చిగీతలు

యాదమ్మ అల్వాల్ నుంచి వచ్చేది. కాంట్రాక్టు మీద పనిచేసే అటెండర్. మూడో గది, అంటే పిల్లల్ని పుట్టించే గది, ఆమెది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఏడో తరగతి దాకా చదివింది. పొట్టు మార్చడం, దాణా వేయడం, నీళ్ల సీసాలు మార్చడం, అన్నీ ఒక లయలో జరిగిపోయేవి. ఆమె మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. కార్డుల మీద పెన్సిల్‌తో ఏవో గీసేది.

"ఏంటమ్మా ఈ పిచ్చిగీతలు? ఆడిట్ వాళ్లు చూస్తే నన్ను పట్టుకుంటారు" అన్నాను ఒకసారి.

"నా యాది కోసం పెట్టుకున్న సార్. ఇగ పెట్ట" అంది.

అన్న మాట ప్రకారం కార్డు ముందువైపు పెట్టడం మానేసింది. వెనకవైపు మొదలుపెట్టింది. అది నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ గీతలు ఏమిటని మాత్రం మళ్లీ అడగలేదు.

పది రోజుల సంతకం

నేను చేరి పదిహేనేళ్లయింది. రంగారావు గారి తర్వాత నేనే అన్న పేరు అప్పటికే వచ్చేసింది. ఆ చలికాలం మా సంస్థలో ఒక పెద్ద శాస్త్రవేత్త బయటి ల్యాబు నుంచి కొత్త జాతి చిట్టెలుకల్ని తెప్పించారు. కొత్తగా వచ్చిన వాటిని ఆరు వారాలు విడిగా ఉంచి, పరీక్షలు చేసి, ఆ తర్వాతే లోపలికి తేవాలని మా నియమం. ఆయనకు అంత ఓపిక లేదు. రోజూ ఫోన్. "మూర్తిగారూ, అవి మీకంటే నాకంటే ఆరోగ్యంగా ఉన్నాయండీ" అనేవారు. నిజంగానే ఉన్నాయి. నున్నటి బొచ్చు, మెరిసే కళ్లు. రెండింటిని కోసి చూశాను. కాలేయాలు అద్దంలా ఉన్నాయి. పదో రోజున సంతకం పెట్టేశాను.

కాలేయమే ఎందుకు చూశానంటే, మేమంతా భయపడే ఆ ఎలుకల కరోనా పేరు మౌస్ హెపటైటిస్ వైరస్. హెపటైటిస్ అంటే కాలేయం వాపు. పేరులోనే కాలేయం ఉంది కాబట్టి కాలేయం బాగుంటే వైరస్ లేనట్టే అనుకున్నాను. రక్తపరీక్షకు పంపానుగానీ, ఫలితం వచ్చేదాకా ఆగలేదు. రోటా వైరస్‌కు ఆగినవాణ్ణి దీనికి ఆగలేకపోయాను.

కొత్త ఎలుకలు మూడో గదిలో తలుపు పక్క ర్యాకులోకి వెళ్లాయి. ఆ తర్వాత వారం తిరగకముందే ఒక ఉదయం యాదమ్మ నా గది గుమ్మంలోకి వచ్చింది. నేను ఫోన్లో ఉన్నాను, ఆ శాస్త్రవేత్తతోనే.

"సార్, మూడో గదిల సున్నలు పడుతున్నయ్. జెర వచ్చి చూడుండ్రి."

మాది పాత బిల్డింగు. వానలు పడిన ఏడాది గోడలు పెచ్చులూడేవి. సున్నం పడుతోందని అంటోందనుకుని, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "మెయింటెనెన్స్ వాళ్లకు చెప్తాలేమ్మా" అన్నాను. చెప్పాను కూడా. మర్నాడు ఇద్దరు మనుషులు వచ్చి గోడలు గీకి, తెల్లరంగు వేసి వెళ్లారు. యాదమ్మ వాళ్లనూ, నన్నూ మార్చి మార్చి చూసింది. తిరిగి పనిలో పడింది. సార్లు ఏం చేసినా ఏదో అర్థం ఉంటుందని ఆమె నమ్మకం కాబోలు.

మూడో రోజు నుంచి పిల్లలు చావడం మొదలైంది. రెండు మూడు రోజుల వయసు పిల్లలు, ముడతలు పడి, ఎండిపోయి, ఉదయానికి పొట్టులో పడి ఉండేవి. ఒక్కో పంజరంలో కాన్పు మొత్తం పోయేది. తల్లులు మాత్రం హాయిగా దాణా తింటూ ఉండేవి.

నేను రాసిన రిపోర్టు

చచ్చిన పిల్లల్ని కోశాను. కాలేయాలు శుభ్రంగా ఉన్నాయి. పేగులు చూద్దామంటే అప్పటికే కుళ్లిపోయి ఉన్నాయి. చావు తర్వాత అన్నిటికంటే ముందు పాడయ్యేది పేగే, గంటలో స్లైడు మీద చదవడానికి ఏమీ మిగలదు. "పేగులు పరీక్షకు పనికిరావు" అని రాసి వదిలేశాను. ఇక మిగిలిందేమిటి? మనుషులు. మూడో గదిలో మనిషి యాదమ్మ. ఆమె రోజూ పంజరాల మూతలు తీసి, పసి పిల్లల్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తుందని తోటి అటెండర్లు చెప్పారు. పిల్లల్ని ఎక్కువగా ముట్టుకుంటే తల్లులు బెదిరి పాలివ్వడం మానేస్తాయని పుస్తకాల్లో ఉంది. అది పట్టుకున్నాను. "అటెండర్ అనవసరంగా పిల్లల్ని కదిలించడం వల్ల తల్లులు తిరస్కరించి ఉండవచ్చు" అని రాసి, పక్కన ఆమె పేరు పెట్టి కింద గీత కూడా గీశాను.

ఆఫీసు వాళ్లకు ఆ వాక్యం చాలు. నెలాఖరుతో కాంట్రాక్టు అయిపోతుంది, మళ్లీ పొడిగించరు. అందాకా పంజరాలు కడిగే విభాగంలో ఉండమన్నారు. ఆమె భర్త అంతకు రెండేళ్ల ముందే పోయాడు. ఇంట్లో ఆమె సంపాదనే ఆధారమని నాకు తెలుసు. తెలిసే రాశాను.

వెళ్లే ముందు నా దగ్గరకు వచ్చి నిలబడింది. "పిల్లలను ముట్టుకున్నది నిజమే సార్. ముట్టుకోకుంట ఎట్ల తెలుస్తది?" అంది. ఏం తెలుస్తుందని అడగాల్సింది. నేను ఫైలులోకి తలదూర్చి, "చూద్దాంలేమ్మా" అన్నాను.

బతికున్నవాటిని అడుగు

యాదమ్మ వెళ్లిపోయాక కూడా చావులు ఆగలేదు. పక్క గదికి కూడా పాకాయి. రంగారావు గారు నా రిపోర్టు పట్టుకుని వచ్చారు.

"యాదమ్మ లేకున్నా సుత తల్లులు బెదురుతున్నయా మూర్తీ?"

నేను చావుల రిజిస్టర్ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"నువ్వు సచ్చినయే కోస్తున్నవా, బతికున్నయి సుత కోస్తున్నవా?"

"చచ్చినవే సార్."

"సచ్చిన పేగు ఏం చెప్తదయ్యా. రిపోర్టు రాసినవ్ గద, ఇప్పుడు చూడు."

ఆ మాటకు ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. అప్పుడు జబ్బుపడి ఇంకా ప్రాణంతో ఉన్న పిల్లల్ని తీసుకుని, నొప్పి తెలియకుండా ప్రాణం తీసి, క్షణం ఆలస్యం లేకుండా పేగు మొత్తాన్ని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేశాను. మర్నాడు దాన్ని చాపలా చుట్టి స్లైడు చేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలుగా పేగు లోపలి గోడ మీద వేళ్లలా నిలబడి ఉండాల్సినవి అరిగిపోయి మొండిగా ఉన్నాయి. పక్కపక్క కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్ద ముద్దలయ్యాయి. అది ఆ కరోనా సంతకం. అవే పిల్లల కాలేయాలు మళ్లీ చూశాను. మచ్చ కూడా లేదు.

అప్పుడు కూర్చుని చదువుకున్నాను. ఆ వైరస్‌కు పేరు ఒకటే అయినా దారులు రెండు. కొన్ని స్ట్రెయిన్లు, అంటే ఉపరకాలు, ముక్కులో మొదలై రక్తంలోకి దిగి కాలేయానికీ, మెదడుకూ వెళ్తాయి. వాటిని ముందు చూసినవాళ్లు కాలేయం పేరు పెట్టారు. ఇంకొన్ని స్ట్రెయిన్లు చాలావరకు పేగు దాటవు. ఈ పేగు రకం పెద్ద ఎలుకల్ని పెద్దగా ఏమీ చేయదు. పెద్దవాటి పేగు గోడ రెండు మూడు రోజులకే కొత్తగా పుట్టుకొస్తుంది కాబట్టి పాడైనంత పూడ్చుకుంటాయి. పసివాటికి ఆ వేగం ఉండదు. ఒక్క పూటలో పేగు గోడ ఊడిపోతుంది, పూడ్చుకునేలోపే పోతాయి. పెద్దవి నిగనిగలాడుతూ మలంలో వైరస్ వదులుతూనే ఉంటాయి. నేను పదో రోజున మెచ్చుకుని సంతకం పెట్టింది సరిగ్గా అలాంటి ఎలుకలకే.

పేరు చూసి జబ్బును వెతక్కండి. పేరు పెట్టినవాళ్లు చూసిన స్ట్రెయిన్ వేరు, మీ ముందున్నది వేరు కావచ్చు. ఇది నేను కొన్ని వందల పిల్లల ప్రాణాలు పోయాక నేర్చుకున్నాను.

సున్నలు

జబ్బేమిటో తెలిసింది. ఎక్కడ మొదలైందో తేలాలి, లేకపోతే ఆపలేం. మా రిజిస్టర్లో వారానికోసారి చావుల లెక్క తప్ప ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చాయి, తీసేసిన పంజరాల పాత కార్డులు. ఖాళీ దాణా సంచిలో పడి ఉన్నాయి. వెనక్కి తిప్పితే ప్రతి కార్డు మీదా తేదీల వరసన పెన్సిల్ గుర్తులు. కొన్ని చుక్కలు, కొన్ని సున్నలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

సంచి పట్టుకుని కడిగే విభాగానికి వెళ్లాను. యాదమ్మ ఆవిరిలో, గమ్‌బూట్లు వేసుకుని పంజరాలు తోముతోంది. "ఇవేంటో చెప్తావా అమ్మా" అన్నాను. ఆమె చేతులు తుడుచుకుని కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"పుట్టిన వారం దాంక పిల్లల తోలు పల్చగుంటది గద సార్. పాలు తాగితే కడుపు ఎడమ పక్క తెల్లగ కనవడ్తది, పాలచుక్క. పొద్దున తిప్పి చూస్త. అందరికి చుక్క ఉంటే చుక్క పెడ్త. లేకుంటే సున్న."

సున్న. సున్నం కాదు. గోడలు గీకించిన రోజు కళ్ల ముందుకొచ్చింది.

"ఆ రోజు నువ్వు చెప్పింది ఇదేనా?"

"చెప్దామనే వచ్చిన సార్. మీరు ఫోన్ల ఉన్నరు. తెల్లారి గోడలకు రంగు ఏస్తుంటే, గిది సుత జబ్బుకు మందేమో అనుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె నవ్వింది, అందుకని నేనూ నవ్వాను. తర్వాత కార్డుల్ని ర్యాకుల వరసలో తడినేల మీద పాత గోనెపట్టా పరిచి పేర్చింది. మొదటి సున్న తలుపు పక్క ర్యాకు కిందనే, కొత్త ఎలుకల పొరుగు పంజరంలో. మర్నాటికి రెండు, ఆ మర్నాటికి వరుస మొత్తం. చావులు మొదలవడానికి రెండు రోజుల ముందే ఆ కార్డులు అంతా చెప్పేశాయి. రోటా వైరస్ వచ్చినప్పుడు పిల్లలు విరేచనాలవుతున్నా పాలు మానవు, కడుపులో చుక్క ఉంటుంది. అందుకే రంగారావు గారు ఆరోజు తిప్పి చూసి "ఆగు" అన్నారు. పేగు కరోనాలో చుక్క మాయమవుతుంది. పదిహేనేళ్ల తర్వాత, తడినేల మీద కూర్చుని అర్థం చేసుకున్నాను.

"గిక్కడ షురూ అయింది సార్" అంటూ ఆమె వేలు పెట్టిన చోట, ఆ కొత్త ఎలుకల కార్డు మీద, లోపలికి అనుమతిస్తూ నా సంతకం ఉంది. ఆమె దాన్ని చూసింది.

రెండో రిపోర్టు

ఆమె కాంట్రాక్టు ముగియడానికి నాలుగు రోజులుంది. నేను ఆగలేకపోయిన ఆ రక్తపరీక్ష ఫలితం కూడా అప్పుడే వచ్చి, కార్డులు చెప్పిన మాటే చెప్పింది. నేను రెండో రిపోర్టు రాశాను. నిజం ఒప్పుకోవాలి, మొదట రాసింది పిరికి రిపోర్టు. వైరస్ వచ్చింది, పేగు రకం, బయటి నుంచి ప్రవేశించింది. ఎవరు ప్రవేశపెట్టారో లేదు. రంగారావు గారు చదివి వెనక్కి తోశారు.

"ఇందుల యాదమ్మ పేరేది? మొదటి దాంట్ల ఉన్నది గద, కింద గీత సుత కొట్టినవ్."

ఆ మధ్యాహ్నం మళ్లీ రాశాను. ఆరు వారాలు ఉంచాల్సిన ఎలుకల్ని పదో రోజున వదిలింది నేను. జబ్బును మొదట గుర్తించింది యాదమ్మ. ఆమె గురించి నేను మొదట రాసింది తప్పు. మూడు వాక్యాలు. రాయడానికి మూడు గంటలు పట్టింది. నాకు మెమో వచ్చింది. ఆ శాస్త్రవేత్త ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. యాదమ్మ కాంట్రాక్టు చివరి రోజు సాయంత్రం పొడిగించారు. మర్నాడు మామూలుగా వచ్చి మూడో గది తాళం తీసింది. నేను క్షమించమని అడిగితే, "ఊకోండ్రి సార్, ముందు పిల్లల సంగతి చూడుండ్రి" అంది.

చూశాం. కొత్తవి రాకుండా, కాన్పులు లేకుండా కొన్ని వారాలు గదులు బంద్ చేశాం. సరైన రోగనిరోధక శక్తి ఉన్న పెద్ద ఎలుకలు ఆ వైరస్‌ను తామే వదిలించుకుంటాయి. ఆ శక్తి లేని జాతిని మాత్రం వదులుకోవాల్సి వచ్చింది, ఆ బాధ వేరే. మళ్లీ కాన్పులు మొదలయ్యాక యాదమ్మ ఒక కార్డు తెచ్చి నా టేబుల్ మీద వెల్లకిలా పెట్టింది. వారం మొత్తం చుక్కలే. జబ్బు నుంచి కోలుకున్న తల్లి పాలలోనే పిల్లలకు కొంత రక్షణ వస్తుంది. కానీ అది ఆ స్ట్రెయిన్‌కే ఎక్కువగా పనిచేస్తుంది, వేరేది వస్తే మళ్లీ మొదటికే. అందుకే కాపలా అవసరం.

చివరి రోజు

రంగారావు గారు ఇప్పుడు లేరు. నన్ను కాపాడకుండా వదిలినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ రిపోర్టు సర్ది నన్ను వెనకేసుకొచ్చి ఉంటే నేను ఈపాటికి చాలా మర్యాదస్తుడైన మూర్ఖుణ్ణి అయ్యేవాణ్ణి. యాదమ్మ గురించి చెప్పాలంటే, నాకు పాఠం చెప్పిన ప్రొఫెసర్లలో ఆమెను మొదట లెక్కపెడతాను. ఆ తర్వాత ఆమెను పర్మినెంట్ చేశారు. అందులో నా గొప్ప ఏమీ లేదు, ఆలస్యం మాత్రం ఉంది.

ఆమె రిటైరైనా, కొత్త అటెండర్లకు నేర్పించడానికి మేం పిలుస్తూనే ఉన్నాం. నా ఉద్యోగం చివరి రోజున కూడా వచ్చింది. ఆ జబ్బు వచ్చిన ఏడాది నేను రాసిన పనివిధానాల పుస్తకం కొత్త కాపీ ఆమె చేతిలో పెట్టాను. అంతా ఇంగ్లీషే. రోజువారీ చూడవలసినవి అనే పేజీలో మొదటి పంక్తిలో మాత్రం ఒక మాట తెలుగు అక్షరాల్లో ఉంది. ఆమె కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"పాలచుక్క. గీ ఒక్కటే తెలుగుల ఎందుకు సార్? దీనికి ఇంగ్లీషుల మాట లేదా?"

"ఉందమ్మా. కాలేజీలోనే నేర్చుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చూడటం మాత్రం నీ దగ్గరే నేర్చుకున్నాను."

ఆమె పుస్తకం మూసి, కాసేపు అట్ట మీద చెయ్యి పెట్టి ఉంచింది. తర్వాత నా మెడలోని దండనూ, భుజం మీది శాలువానూ చూసింది.

"మరి ఇయ్యాల చూసిండ్రా?"

చూడలేదు. పొద్దున్నుంచి ఉపన్యాసాలు, ఫోటోలు. దండ తీసి శాలువాతో పాటు కుర్చీ మీద పెట్టాను. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, ఆమె వెనకాలే మూడో గదిలోకి వెళ్లాను.